ఏటా పొడుగు కాయ విత్తనమే వేస్తున్నా బెండ ఎందుకు పొడుగవడం లేదు?

అడిగిన ప్రశ్న ఇది: "మా అమ్మమ్మ కాలం నుంచి ఇంట్లో తెల్లబెండ విత్తనం ఉంది. రుచి బాగుంటుంది. కాయ మాత్రం పొట్టి, పైగా శంఖు తెగులు పడుతుంది. నాలుగేళ్లుగా అన్నిటికన్నా పొడవైన కాయల్నే విత్తనానికి వదులుతున్నాను. ఇసుమంత మార్పు లేదు. మరి శాస్త్రవేత్తలు కొత్త వంగడాలు ఎలా తెస్తున్నారు? వాళ్లూ ఉన్న మొక్కల్లోంచి ఏరుకోవడమేనా, లేక జన్యువులు మార్చేస్తున్నారా?"

నేను కూరగాయల వంగడాల పనిలో ముప్పై ఏళ్లు ఉండి రిటైరయ్యాను. అందులో ఎక్కువ కాలం బెండ మడుల్లోనే గడిచింది. ముందు మీ చేను సంగతి చూద్దాం. అది తేలితే శాస్త్రవేత్తల సంగతి సగం తేలినట్టే.

మీ పనిలో రెండు లోపాలున్నాయి, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది.

చిన్నది ఏమిటంటే, మీరు కాయను ఎంచుతున్నారు. ఎంచాల్సింది మొక్కను. ఒక మొక్కకు ఇరవై కాయలు కాస్తే ఇరవైకీ తల్లి ఒకటే. చివర్లో మొక్క అలసిపోయాక కాసిన గిడసబారిన కాయలోని గింజకైనా, మంచి ఊపు మీద ఉన్నప్పుడు సాగిన కాయలోని గింజకైనా తల్లి ఇచ్చేది ఒకే మూటలోంచి. ఒకే మొక్క మీద కాయల పొడవులో కనిపించే తేడా నీరు, ఎండ, ఎరువు, మొక్క వయసు వల్ల వచ్చింది. అది గింజలోకి ఎక్కదు. అందుకే "ఈ కాయ పొడుగ్గా ఉంది" అని కాక, "ఈ మొక్క కాయలన్నీ సగటున పొడుగ్గా ఉన్నాయి" అని చూడాలి.

ఇందులోనే మరో చిక్కు కూడా ఉంది. ఇళ్లలో అందరం చేసేదే. ముందు కాసిన లేత కాయలన్నీ కూరకు కోసేసుకుంటాం, చివర్లో కోయడం మరిచిపోయి ముదిరిన వాటిని విత్తనానికి ఉంచుతాం. అలా ఏళ్ల తరబడి చేస్తే ఆలస్యంగా కాసే మొక్కలకే ఎక్కువ సంతానం మిగులుతుంది. తోటకూర, పాలకూర, కొత్తిమీరలో దీనికి తిరగబడ్డ తప్పు జరుగుతుంది: అందరికన్నా ముందు కంకి వేసిన మొక్క నుంచి గబగబా విత్తనం దులుపుకుంటాం. కొన్నేళ్లకు ఆకు కోయకముందే పూతకొచ్చే రకం తయారవుతుంది. మనం ఎంపిక చేయడం లేదనుకున్నప్పుడు కూడా ఎంపిక జరుగుతూనే ఉంటుంది.

ఇక పెద్ద లోపం. నిజానికి ఇది మీ తప్పు కాదు. మీ మడిలో ఎంచడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు.

బెండ చాలావరకు తన పుప్పొడితో తానే గింజ కడుతుంది. తేనెటీగలు తిరిగే చోట నూటికి నాలుగు నుంచి ఇరవై దాకా గింజలు పక్క మొక్క పుప్పొడితో రావచ్చు. మిగతావన్నీ సొంతవే. సొంత పుప్పొడితో గింజ కట్టిన ప్రతి తరంలోనూ మొక్కలోపల జంట జన్యువుల తేడా సగానికి సగం తగ్గిపోతుంది: మొదట నూరు పాళ్లుంటే తర్వాత 50, 25, 12.5 అలా. ఆరేడు తరాలకు ఒకటి రెండు పాళ్లే మిగులుతుంది. మీ ఇంట్లో ఆ విత్తనం అమ్మమ్మ కాలం నుంచి ఉంది. పెరటి మడి కాబట్టి ప్రతిసారీ అయిదారు మొక్కల నుంచే తీసి ఉంటారు. పైగా తెల్లబెండ మధ్యలో పచ్చకాయ మొక్క ఒకటి కనిపిస్తే ఏం చేస్తారు? "బెరుకు" అని పీకి పారేస్తారు. రకం చెడకుండా కాపాడుకోవడానికి అది సరైన పనే. కానీ మీకు కావలసిన మార్పుకు ముడిసరుకు ఆ బెరుకు మొక్కల్లోనే ఉంది. ఇప్పుడు మీ మడిలో మొక్కలన్నీ దాదాపు కవల పిల్లలు. కవలల్లో పొడుగువాణ్ని ఎంచితే ఏం లాభం? అచ్చంగా ఊకదంపుడే.

ఈ సంగతి తేల్చినది కూడా ఒక కూరగాయ పంటే. డెన్మార్కులో విల్‌హెల్మ్ యోహాన్సెన్ అనే శాస్త్రవేత్త సంతలో దొరికే ఒక రకం ఫ్రెంచ్ బీన్స్ గింజలు తెచ్చి, 19 మొక్కల నుంచి విడివిడిగా వంశాలు పెంచాడు. బీన్స్ కూడా బెండలాగే సొంత పుప్పొడి పంట, అంతకన్నా పక్కాగా. వంశానికీ వంశానికీ తేడా బాగా కనిపించింది: ఒకదాని గింజ సగటు బరువు దాదాపు 0.35 గ్రాములు, ఇంకొకదానిది 0.64 గ్రాములు. కానీ ఒకే వంశం లోపల బరువైన గింజలు ఒకవైపు, తేలికైన గింజలు ఒకవైపు వేసి ఏళ్ల తరబడి ఎంచినా పిల్లల సగటు బరువు కదల్లేదు. 1903లో ఆయన అచ్చువేసిన లెక్కల సారం ఇదే. జన్యువుకు 'జీన్' అని పేరు పెట్టింది కూడా ఆయనే, 1909లో. మీ నాలుగేళ్ల తెల్లబెండ ప్రయోగం యోహాన్సెన్ ప్రయోగమే. ఫలితం కూడా సరిగ్గా అదే వచ్చింది.

ఇదే పని దోసలోనో సొరలోనో చేసి ఉంటే ఎంతో కొంత కదలిక ఉండేది. అవి తేనెటీగల మీద ఆధారపడే పంటలు, వాటి మడిలో వైవిధ్యం నిలిచి ఉంటుంది. మేము వేసుకునే లెక్క చెబుతాను. మడి మొత్తంలో కాయ సగటు పొడవు 12 సెంటీమీటర్లు అనుకోండి. మీరు ఎంచిన మొక్కల సగటు 16. తేడా 4. ఈ నాలుగులో వారసత్వం వల్ల వచ్చింది నూటికి 30 పాళ్లే, మిగతాది నేల చలవ అనుకుంటే, వచ్చే పంట సగటు పెరిగేది 1.2 సెంటీమీటర్లు. అదీ తండ్రి మొక్కలు కూడా ఎంచినవే అయితే. పుప్పొడి ఊరందరి మొక్కల నుంచి వస్తే అందులో సగం, 0.6. కంటికి ఆనదు. అందుకే చాలామంది రెండేళ్లు చేసి వదిలేస్తారు. పదేళ్లు పట్టుబట్టినవాళ్లకు మాత్రం వేరే రకం చేతికొస్తుంది.

ఆ "నేల చలవ" నన్నూ వెర్రివాణ్ని చేసింది. ఉద్యోగంలో మొదటి ఏడాది వంగ మడిలో నలభై మంచి మొక్కలు ఎంచి దారాలు కట్టి గర్వంగా చూపించాను. మా పెద్దాయన మడి చుట్టూ ఒకసారి నడిచి, "నువ్వు మొక్కల్ని ఎంచలేదు నాయనా, కాలువ గట్టును ఎంచావు" అన్నాడు. చూస్తే ముప్పై దారాలు నీటి కాలువ పక్క సాళ్లలోనే ఉన్నాయి. ఆ తర్వాత ఎప్పుడూ మడిని చదరంగం బల్లలా చిన్న గళ్లుగా విడగొట్టి, ప్రతి గడిలో ఆ గడికి మేటి అయిన మొక్కనే తీసుకున్నాను. గట్టు పక్క మొక్క గట్టు పక్క మొక్కలతోనే పోటీ పడాలి. చివరి సాళ్ల మొక్కలకు చోటు, ఎండ ఎక్కువ కాబట్టి వాటిని అసలు లెక్కలోకే తీసుకోకూడదు.

ఇక శాస్త్రవేత్తలు ఏం చేస్తారన్నది. ఎంపిక ఏదీ కొత్తగా పుట్టించదు. ఉన్నదాన్ని ఏరుతుంది, అంతే. కాబట్టి మా పనిలో సగం వైవిధ్యం ఎక్కడుందో వెతుక్కోవడం. రెండో సగం, దాన్ని మనకు కావలసిన మొక్కలోకి తెచ్చి ఏరడం.

నేను చెప్పే పెద్ద ఉదాహరణలో శాస్త్రవేత్తలే లేరు, తోటమాలులున్నారు. కాలీఫ్లవర్ మన దేశానికి 1822లో వచ్చింది. జెమ్సన్ అనే డాక్టరు ఇంగ్లండ్ నుంచి విత్తనం తెచ్చి సహారన్‌పూర్ కంపెనీ బాగ్‌లో వేయించాడు. అది చలిదేశపు మొక్క. యూరప్ స్నోబాల్ రకాలకు పువ్వు గట్టిపడాలంటే 10 నుంచి 16 డిగ్రీల చలి కావాలి. ఉత్తరాది మైదానాల వేడికి చాలా మొక్కలు ఆకు మీద ఆకు వేసుకుంటూ పోయి ఉంటాయి. కానీ కాలీఫ్లవర్ పక్క మొక్క పుప్పొడితో గింజ కట్టే పంట, తన పుప్పొడి తనకే పనికిరాని మొక్కలు అందులో ఎక్కువ. కాబట్టి గుంపులో ఏ రెండు మొక్కలూ ఒకలా ఉండవు. ఎక్కడో కొన్ని ఆ వేడిలోనే చిన్న పువ్వు కట్టాయి. రైతులు వాటి విత్తనం పట్టుకున్నారు. వందేళ్లు తిరిగేసరికి 20 నుంచి 27 డిగ్రీల వేడిలో పువ్వు కట్టే 'ఇండియన్ కాలీఫ్లవర్' అనే వేరే గుంపే తయారైంది. ఇంగ్లండ్‌లో చలికాలం దాటితేగాని విత్తనానికి రాని మొక్క, ఇక్కడ ఒకే సీజనులో పువ్వు కట్టి, అదే మైదానంలో విత్తనం ఇచ్చేలా మారింది. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ (ఐఏఆర్ఐ) విడుదల చేసిన పూసా కత్కీ, పూసా దీపాలీ ఈ గుంపులోంచి ఏరినవే. వేడిని తట్టుకునే ఆ జన్యువులను ఎవరూ తయారుచేయలేదు. చలిదేశంలో అవి ఉన్నట్టు తెలిసే అవకాశమే లేదు, అక్కడ వాటితో పనేం ఉంది?

ఇప్పుడు మీ బెండ. శంఖు తెగులు అంటే ఆకు ఈనెలు పసుపు వలలా మారి, కాయ పాలిపోయి పీచుబట్టే వైరస్ తెగులు. విత్తనం ద్వారా రాదు, తెల్లదోమ మోసుకొస్తుంది. (తెల్లబెండలో దీన్ని కాయను చూసి పట్టలేం, కాయ ఎటూ తెల్లనే. ఆకు ఈనెలు చూడండి.) 1950ల్లో ఐఏఆర్ఐ వాళ్లు దేశమంతటి నుంచి నాటు బెండలు పోగుచేసి వేస్తే, పశ్చిమ బెంగాల్ నుంచి వచ్చిన ఐసీ 1542 అనే విత్తనం మొక్కలు తెగులు మధ్యలో కూడా పచ్చగా నిలిచాయి. కాయ గుణం బాగున్న పూసా మఖ్మలీతో దాన్ని సంకరపరిచి, తరాల తరబడి ఏరి తెచ్చినదే పూసా సావనీ. దేశమంతా పాకిపోయింది. తమాషా ఏమిటంటే ఐసీ 1542 వైరస్‌ను పూర్తిగా అడ్డుకునే రకం కాదు. లోపల వైరస్ ఉన్నా పైకి లక్షణాలు చూపించకుండా నెట్టుకొచ్చే రకం. కొన్నేళ్లకు ఆ రక్షణ చేలల్లో నిలవలేదు.

అప్పుడు సాగు బెండ గడప దాటి అడవి బంధువుల ఇళ్లకు వెళ్లారు. బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ (ఐఐహెచ్ఆర్) వాళ్లు అబెల్మోస్కస్ మానిహాట్ టెట్రాఫిల్లస్ అనే అడవి బెండతో సంకరపరిచి అర్కా అనామిక, అర్కా అభయ్ తెచ్చారు. మహారాష్ట్రలోని పర్భణీ వ్యవసాయ విశ్వవిద్యాలయం మానిహాట్‌నూ పూసా సావనీనీ కలిపి పర్భణీ క్రాంతి తెచ్చింది. చెప్పడానికి ఒక వాక్యం, చేయడానికి ఏళ్లు. అలాంటి దూరపు సంకరాల్లో మొక్క ఏపుగా పెరుగుతుంది, పూస్తుంది, గింజ మాత్రం సరిగా పట్టదు. నూరు పూలకు పుప్పొడి అద్దితే ఒకటో రెండో కాయల్లో నాలుగు గింజలు దొరుకుతాయి. వాటిని మళ్లీ మంచి బెండతో కలపాలి. ప్రతిసారీ అడవి మొక్క నుంచి నూగు, ముల్లు, పొట్టి కాయ కూడా వెంట వస్తాయి. తెగులు తట్టుకునే గుణం ఒక్కటి ఉంచుకుని మిగతావి వదిలించుకోవడం, బియ్యంలో రాళ్లు ఏరడం కాదు, రాళ్లలో బియ్యపు గింజ ఏరడం. ఇన్నీ చేస్తే ఆ రకాల మీద కూడా ఇప్పుడు తెగులు కనిపిస్తోంది. ఎంపిక మనం ఒక్కళ్లమే చేయడం లేదు, వైరస్ కూడా తన గుంపులోంచి ఏరుకుంటోంది.

ఈ పరుగుపందెం ఎంత వేగంగా ఉంటుందో ఖర్బూజాలో బాగా కనిపించింది. ఇందులో మన దేశానికీ పాత్ర ఉంది. 1925 ప్రాంతంలో కాలిఫోర్నియా ఇంపీరియల్ వ్యాలీలో బూడిద తెగులు ఖర్బూజా తోటల్ని ఊడ్చేసింది. తట్టుకునే గుణం అమెరికన్ రకాల్లో దొరకలేదు. భారతదేశం నుంచి తెప్పించిన విత్తనాల్లో దొరికింది. దాన్ని వాళ్ల తీపి రకంతో కలిపి 1936లో పీఎంఆర్ 45 అనే రకాన్ని విడుదల చేశారు. రెండేళ్లు తిరక్కుండానే, 1938లో, దాన్నీ పడగొట్టే కొత్త తెగులు జాతి వచ్చింది. మళ్లీ వెతుకులాట. ఇన్ని గుణాలు మన దగ్గరే ఎందుకున్నాయంటే, ఈ జాతిలో మన దగ్గరున్నంత వైవిధ్యం చాలా దేశాల్లో లేదు. పప్పులో వేసుకునే మన పసుపు దోసకాయ, ఖర్బూజా శాస్త్రరీత్యా ఒకే జాతి. పత్తి చేలల్లో తీగపారే బుడమకాయ కూడా వాటికి బాగా దగ్గరి చుట్టమే. సలాడ్‌లో తినే కీరా మాత్రం వేరు. ఈ మాట చెబితే మా ఇంట్లో ఇప్పటికీ నమ్మరు.

పనికిరాదని పారేసే మొక్కకు కూడా విలువ ఉంటుందనడానికి ఉల్లి కథ. 1925లో కాలిఫోర్నియా డేవిస్‌లో ఇటాలియన్ రెడ్ అనే రకం మడిలో 13-53 నంబరు మొక్కకు గింజ పట్టలేదు. పుప్పొడి చచ్చుబడిన మొక్క. విత్తనం కోసం ఉల్లి వేసినవాడికి అంతకన్నా దండగ మొక్క ఉంటుందా? అయితే పూగుత్తిలో గింజలకు బదులు చిన్న చిన్న పిల్ల గడ్డలు వచ్చాయి. హెన్రీ జోన్స్ వాటిని నాటి ఆ మొక్కను బతికించాడు. ఉల్లి పువ్వు ఎంత చిన్నదంటే, చేత్తో కేసరాలు తీసి హైబ్రిడ్ విత్తనం చేయడం లాభసాటి కాదు. తనకు తానే పుప్పొడి లేని తల్లి దొరికితే ఆ బెడదే లేదు. ఉల్లిలో హైబ్రిడ్ల వ్యాపారానికి దారి తీసింది ఆ ఒక్క మొక్కే.

ఎంపికలో పోగొట్టుకున్నవీ ఉన్నాయి, చెప్పకపోతే అన్యాయం. నాటు టమాటా పచ్చిగా ఉన్నప్పుడు తొడిమ చుట్టూ భుజాలు ముదురు ఆకుపచ్చగా ఉంటాయి, పండాక కూడా అక్కడ కాస్త పసుపు మిగులుతుంది. మార్కెట్‌కు అది నచ్చదు. కాయంతా ఒకే రంగుతో పండే సహజ మార్పు ఒకటి దొరికితే, దశాబ్దాలుగా ప్రపంచమంతా దాన్నే ఎంచారు. 2012లో ఆ జన్యువు ఏమిటో దొరికాక తెలిసింది: కాయలో పత్రహరితం పెంచే జన్యువు చెడిపోవడమే ఆ మార్పు. భుజాల్లో పచ్చదనం తగ్గితే కాయ సొంతంగా తయారుచేసుకునే చక్కెర కూడా తగ్గుతుంది. రంగు కోసం ఏరుతూ తీపిని వదులుకున్నారు. ఎవరూ కావాలని చేయలేదు, రుచి చూసి ఏరలేదు, అంతే. మీ తెల్లబెండకు రుచి బాగుందంటున్నారు కదా, పొడవు వెంట పడి దాన్ని పోగొట్టుకోకండి.

జన్యువులు మార్చేస్తున్నారా అన్నారు. పైన చెప్పిన వాటిలో ఏదీ జన్యుమార్పిడి కాదు. అంతా పుప్పొడి పనే. మన దేశంలో జన్యుమార్పిడి కూరగాయ ఏదీ సాగుకు అనుమతి పొందలేదు. పురుగును చంపే బ్యాక్టీరియా జన్యువు చేర్చిన బీటీ వంకాయ దగ్గరదాకా వచ్చి 2010 ఫిబ్రవరిలో మారటోరియంతో, అంటే తాత్కాలిక నిలుపుదలతో, ఆగిపోయింది. కొట్లో దొరికే హైబ్రిడ్ బెండ ప్యాకెట్ అంటే రెండు వంశాల మొదటి తరం సంకరం. దాని గింజ దాచి వేస్తే మొలకెత్తదన్నది అబద్ధం. శుభ్రంగా మొలుస్తుంది. కాకపోతే రెండో తరంలో గుణాలు చెల్లాచెదురై ఒక్కో మొక్క ఒక్కోలా వస్తుంది. సమానమైన పంట కావాల్సిన రైతుకు అది నష్టం. మీలాంటివారికి మాత్రం అదే గని.

కాబట్టి ఇలా చేయండి. పొడుగు కాయలూ తెగులు తట్టుకునే గుణమూ ఉన్న ఒక బెండను తెచ్చి మీ తెల్లబెండ పక్కన వేయండి. అర్కా అనామిక కావచ్చు, మీ ఊరి పక్కన తెగులులోనూ పచ్చగా నిలిచిన నాటు బెండ ఏదైనా కావచ్చు. నాకైతే రెండోదే ఇష్టం. జహీరాబాద్ వైపు జరిగే పాత పంటల జాతరల్లాంటి చోట్ల అడిగి చూడండి. రేపు విచ్చబోయే మొగ్గ సాయంత్రానికి ఉబ్బి, కొసన పసుపు రేకు తొంగిచూస్తుంది. తెల్లబెండ మీద అలాంటి మొగ్గను బ్లేడుతో సన్నగా చీల్చి, మధ్య కాడను అంటిపెట్టుకున్న పుప్పొడి తిత్తులన్నీ గీకేసి, కాగితం సంచి తొడగండి. తెల్లారి ఎనిమిది, తొమ్మిది గంటల మధ్య రెండో రకం పువ్వు కోసి ఆ కాడ కొసకు అద్ది, మళ్లీ సంచి తొడిగి దారం కట్టండి. రెండు మూడు కాయలు నిలిస్తే చాలు. ఒక్కో కాయలో నలభై, యాభై గింజలుంటాయి.

మొదటి తరం మొక్కలన్నీ ఒకేలా ఉంటాయి. అక్కడ ఏరకండి. తెలుపు కనిపించకపోయినా కంగారుపడకండి, అది అంతర్గత గుణమైతే, అంటే తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ వస్తేనే పైకి కనిపించేదైతే, రెండో తరంలో తిరిగొస్తుంది. రెండో తరంలో మాత్రం పిసినారితనం వద్దు. మీకు కావలసిన మూడు గుణాలూ (తెలుపు, పొడవు, తెగులు తట్టుకోవడం) ఒక్కోటి ఒక్కో అంతర్గత జన్యువు మీద ఆధారపడితే, మూడూ కలిసిన మొక్క 64లో ఒక్కటే వస్తుంది. ఇరవై మొక్కలు వేసి రాలేదంటే లాభం లేదు. కనీసం 200 వేయండి, తెల్లదోమ ఎక్కువగా ఉండే కాలంలో వేయండి, దోమ మందు కొట్టకండి. మందు కొడితే ఏ మొక్క తట్టుకునేదో, ఏది తప్పించుకున్నదో తెలియదు. గళ్ల పద్ధతిలో పది, పదిహేను మొక్కలు ఎంచి, ప్రతి మొక్క లేత కాయ ఒకటి వండి రుచి చూసి, మిగతావి విత్తనానికి వదలండి. వాటి మొగ్గలు విచ్చే ముందురోజు సాయంత్రం కొస దారంతో కట్టేస్తే తేనెటీగ లోపలికి పోదు.

ఆపైన ఒక మొక్క గింజలు ఒక సాలు. కలపవద్దు. మొక్క మంచిదా, నేల మంచిదా అన్నది దాని పిల్లల సాలే చెబుతుంది. సాలంతా బాగుంటే తల్లి నిజంగా మంచిది. సగం సాలు బాగుండి సగం లేకపోతే ఇంకా ఏరాల్సింది ఉంది. ఏడాదికి రెండు పంటలు తీయగలిగితే మూడున్నర, నాలుగేళ్లలో ఆరో తరానికి చేరతారు. అప్పటికి సాళ్లు నిలకడపడతాయి. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం ప్రకారం ఆ విత్తనం దాచుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, బ్రాండ్ పేరు పెట్టకుండా అమ్ముకోవచ్చు, రైతు రకంగా నమోదుకు దరఖాస్తు కూడా పెట్టుకోవచ్చు.

ఇవన్నీ మొదలుపెట్టే ముందు అమ్మమ్మగారి విత్తనం గుప్పెడు తీసి, బాగా నీడన ఆరబెట్టి, గాలి చొరని డబ్బాలో పోసి, ఏ సంవత్సరానిదో రాసి విడిగా దాచండి. రెండేళ్లకొకసారి ఊరి బెండలకు దూరంగా పది మొక్కలు వేసి ఆ డబ్బా నింపుకోండి. అందులో మాత్రం బెరుకు మొక్క కనిపిస్తే పీకేయండి.